పోదనూరు ప్లాట్‌ఫారం మీద కావలికి కావలి

అప్పటికే బల్వీర్ మా రామసామి మామ చెయ్యి వెనక్కి మడిచి పట్టుకుని ఉన్నాడు. రెండో చేతిలో మామ తెచ్చుకున్న టిఫిన్ క్యారియర్. ఎక్కడ పేలుతుందో అన్నట్టు దాన్ని ఒంటికి దూరంగా చాచి పట్టుకున్నాడు. అందులో ఉన్నది పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ.

"ఏయ్ రంగీ!" అని మామ ప్లాట్‌ఫారం అదిరేలా అరిచాడు. "నేను ఎవరని ఈ ఎర్రటోపీవానికి చెప్పవే! చెయ్యి పీకేస్తా ఉండాడు!"

సరిగ్గా అప్పుడే ఓవర్‌బ్రిడ్జి మెట్లు దిగుతూ మేజర్ మేడం కనిపించారు. మమ్మల్ని తనిఖీ చెయ్యడానికి పై ఆఫీసు నుంచి వచ్చిన మనిషి. ఆవిడ వెనక మా సుబేదార్ సాబ్. ఆయన వెనక గొడుగు పట్టుకున్న ఇంకో జవాను. అందరూ మామని ఒకసారి చూసి, తర్వాత నన్ను చూశారు. రంగి అంటే నేనే కదా. ఎర్ర టోపీ, తెల్ల బెల్టు, చేతికి మిలిటరీ పోలీసు పట్టీ కట్టుకుని డ్యూటీలో ఉన్నది కూడా నేనే.

నేనేమన్నానో తర్వాత చెబుతాను. ముందు వీళ్ళంతా ఆ ప్లాట్‌ఫారం మీదికి ఎలా చేరారో చెప్పాలి. లేకపోతే మా మామ మీకు దొంగలా కనిపిస్తాడు. ఆయన తెలుగు చదవలేడు కానీ, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అప్పుడు నా పని అయిపోతుంది.

చిన్న వయసు మాజీ

నేను రిటైరయ్యానంటే ఇప్పుడుంటున్న పీలమేడులో ఎవరూ నమ్మరు. బస్సు కండక్టరు ఇప్పటికీ నన్ను కాలేజీ పిల్ల అనుకుంటాడు. పదో తరగతి అయ్యాక, నాలుగేళ్ళకని సైనికుల్ని తీసుకునే కొత్త పద్ధతిలో మిలిటరీ పోలీసులో చేరాను. గడువు అయ్యాక కొందరిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళు ఇంటికి. నేను మిగతావాళ్ళలో ఒకదాన్ని. ఇప్పుడు మిల్లులో సెక్యూరిటీ సూపర్‌వైజరు పని. సాయంత్రాలు సైన్యంలో చేరాలనుకునే మన పిల్లలు కొందరు గ్రౌండులో పరుగు ప్రాక్టీసు చేస్తూ నన్ను చుట్టుముడతారు. "అక్కా, తుపాకీ చానా బరువా?" అని అడుగుతారు. తుపాకీ బరువు వారంలో అలవాటవుతుంది పిల్లలూ. అలవాటు కానిది వేరే ఉంది. ఇది దాని గురించే.

మాది కారమడై పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఈ తెలుగు అక్షరాలు నాకు పటాలంలో నేర్పింది పార్వతి. శ్రీకాకుళం అమ్మాయి, నాతో పాటే చేరింది, నాలుగేళ్ళూ నా పక్క మంచమే. మొదటి రోజు నా మాట విని పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇదేటి తెలుగే? సగం తమిళం, సగం మా ముత్తవ్వ మాటలు!"

"నీది మాత్రం ఏమి? నువ్వు మాట్లాడతా ఉంటే కొట్లాడతా ఉన్నట్ల ఉండాది" అన్నాను నేను.

దేశమంతా చూద్దామని చేరితే, శిక్షణ అవగానే మా ఇద్దరికీ పోదనూరు పడింది. మా ఊరికి బస్సులో పోయి రాగల దూరం. పార్వతికి దేశంలో ఆ చివరి నుంచి ఈ చివర. నాకు మాత్రం అత్తారింటికి పోయినంత.

ఆర్డరు కిందికి దిగడం

రైల్వే ప్లాట్‌ఫారం మీద మిలిటరీ పోలీసుకి ఏం పనంటే, సెలవు మీద పోయే, వచ్చే సైనికుల్ని చూసుకోవడం. సెలవు కాగితం ఉందా, యూనిఫాం సరిగ్గా ఉందా, తాగి ఉన్నాడా, బెర్తు కోసం కొట్టుకుంటున్నాడా, ఇవీ చూడాల్సినవి. ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. మామూలు జనం మీద మనం చెయ్యి వెయ్యకూడదు. వాళ్ళు రైల్వే పోలీసుల లెక్క.

మేము వచ్చిన కొన్నాళ్ళకే ఆడపిల్లలకి, మగపిల్లలకి ఒకటే డ్యూటీ అని పైనుంచి ఆర్డరు వచ్చింది. సైన్యం చాలా పెద్దది. పైన ఒకరు ఒక మాటంటే, అది మా దాకా దిగేలోపు ప్రతి మెట్టు దగ్గరా ఒక మంచి మనిషి నిలబడి దానికి కాస్త మెత్తటి గుడ్డ చుడతాడు. మా దగ్గరికి వచ్చేసరికి అది ఆర్డరో దిండో తెలియదు.

మా ఆఖరి మెట్టు సుబేదార్ సాబ్. రాజస్థాన్ మనిషి, పెద్ద మీసాలు, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. నేను చూసిన పైవాళ్ళలో అంత మంచివాడు లేడు. అంత పెద్ద అడ్డంకి కూడా లేడు. మమ్మల్ని వరసలో నిలబెట్టి ఆర్డరు గట్టిగా చదివాడు. "ఈ రోజు నుంచి అబ్బాయిలు, అమ్మాయిలు ఒక్కటే!" కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఊపిరి తీసుకోకుండానే, "బల్వీర్, నువ్వు వీళ్ళ వెనకాలే ఉండు" అన్నాడు. తర్వాత మా కోసం ఫ్యాను కింద రెండు కుర్చీలు వేయించాడు. "కూర్చోండి బేటీ, ఎండ ఎక్కువగా ఉంది."

బల్వీర్ హర్యానా కుర్రాడు. నిలువెత్తు తలుపులా ఉంటాడు. నా వెనక నిలబడితే నేను కనిపించను. అతను వెనక ఉంటే పని ఎలా జరిగేదో చెబుతాను. రైలు దిగిన ఒక నాయక్ ర్యాంకు సైనికుణ్ణి ఆపి "సెలవు కాగితం చూపించండి" అంటాను. ఆయన కాగితం తీసి నా తల మీదుగా బల్వీర్‌కి ఇస్తాడు. బల్వీర్ చదివి నాకిస్తాడు. నేను చదివి నాయక్‌కి ఇద్దామంటే ఆయన ఇంకా బల్వీర్‌నే చూస్తుంటాడు. దాంతో బల్వీర్‌కే ఇస్తాను. బల్వీర్ ఆయనకిస్తాడు. ఆయన బల్వీర్‌కి థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాడు. మధ్యలో నేను తపాలా పెట్టె.

నేను, పార్వతి పోయి మా వెనక ఈ కాపలా వద్దని సుబేదార్ సాబ్‌ని అడిగాం. ఆయన కోప్పడలేదు. టీ, బిస్కట్లు తెప్పించాడు.

"నా కూతుళ్ళు స్కూటీ మీద పోతే వెనక మోటార్ సైకిల్ మీద మా తమ్ముడు పోతాడు. మీరేమైనా నా కూతుళ్ళకంటే తక్కువా?" అన్నాడు.

దీనికి జవాబు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. టీ తాగి వచ్చేశాం. బయటికి రాగానే పార్వతి, "తిట్టే బాసైతే ఎదురు సెప్పొచ్చు. ఇలాగ బిస్కట్లెట్టేవోడితో ఏటి సెప్తాం?" అంది.

పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. మిమ్మల్ని వద్దనేవాడితో పేచీ లేదు. వాడు ఎదురుగా నిలబడతాడు, మీకు కనిపిస్తాడు. మీ మంచి కోరేవాడు వెనక నిలబడతాడు.

అలా ఉండగా కబురొచ్చింది. మేజర్ మేడం వచ్చి మా పని చూస్తారట. ఆడపిల్లలు ప్లాట్‌ఫారం డ్యూటీకి పనికొస్తారని ఆవిడ రాస్తే ఇక్కడే ఉంటాం. లేదంటే మళ్ళీ ఫ్యామిలీ క్వార్టర్స్ గేటు దగ్గర, పనిమనుషుల సంచుల్లో కూరగాయలు చూసే డ్యూటీ. ప్లాట్‌ఫారం డ్యూటీ రాకముందు మేము అక్కడే చేశాం. ఏ సంచిలో ఏ రోజు వంకాయలుంటాయో మాకు తెలుసు.

"మళ్ళీ ఆ గేటుకాడ కూకోబెడితే మాత్రం నాను మా ఊరెల్లిపోతానే" అంది పార్వతి. ఊరికే అన్న మాట కాదది. ఆ సాయంత్రం ఆమె అన్నం ముట్టలేదు.

మామ సంగతి

మావైపు ఆడపిల్లకి మేనమామ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూర్చోపెట్టుకునేది ఆయన. పెద్దమనిషయితే చీర తెచ్చేది ఆయన. పెళ్ళిపీట దగ్గరికి చెయ్యి పట్టి తీసుకొచ్చేది ఆయన. మేనమామ అలిగితే పందిరి వేసినా పని నడవదు. నాకు పోదనూరు పడిందని తెలియగానే మా అమ్మ ఫోన్ చేసి, "తమ్ముడా, పిల్లను చూసుకో" అంది. మాటవరసకి అనే మాట. కానీ రామసామి మామ మాటవరస మనిషి కాదు.

ఆయన పోదనూరు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు రైల్వే కాలనీ పక్కనే. ఆ కాలనీవాళ్ళకి ప్లాట్‌ఫారం అంటే ఇంటి ముందు తిన్నె. పాలకి ప్లాట్‌ఫారం దాటి పోతారు, పేపరు అక్కడి బెంచీ మీద చదువుతారు, కోడలితో మాట పడితే అక్కడికే వచ్చి కూర్చుంటారు. టికెట్టు అనే మాట వాళ్ళ తలలోకే రాదు. ఇంటి తిన్నె మీద కూర్చోడానికి ఎవరైనా టికెట్టు తీసుకుంటారా?

అందుకని మామ రోజూ నా డ్యూటీ వేళకి వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. నన్ను ఎరగనట్టే ఉండేవాడు. నేనూ అంతే. ఒకసారి నీళ్ళ కుళాయి దగ్గర మాత్రం పక్కనే నిలబడి, ముఖం అటు తిప్పుకుని, "సరిగా సాపాటు తింటా ఉండావా కణ్ణు?" అని అడిగాడు.

"ఇంటికి పో మామా" అన్నాను, నేనూ అటే చూస్తూ.

"నేను నీ కోసరం రాలేదు. సుమ్మా, ఊరికినే రైలు చూస్తా ఉండా."

ఆయన పుట్టినప్పటి నుంచి రైళ్ళే చూస్తున్నాడు. పోనీలే, ముసలాయనకి పొద్దుపోతుందని ఊరుకున్నాను. నేను లెక్క వేసుకోనిది బల్వీర్‌ని. బల్వీర్ కళ్ళకి కనిపించింది వేరు. ఒక మనిషి రోజూ వస్తాడు. ఏ రైలూ ఎక్కడు. పేపరు చాటు నుంచి మిలిటరీ అమ్మాయిల్నే చూస్తుంటాడు. నిజం చెప్పాలంటే, ఆ సంవత్సరం మొత్తం మీద మా డిటాచ్‌మెంటులో జరిగిన అసలైన పోలీసు పని బల్వీర్ చేసిన అదొక్కటే. అనుమానితుడు మా మామ కావడం బల్వీర్ తప్పు కాదు. మేజర్ మేడం వచ్చే రోజే పట్టుకోవడం మాత్రం నా ఖర్మ.

సార్

సరే, ఇప్పుడు మళ్ళీ ఆ ప్లాట్‌ఫారం మీదికి రండి. మామ అరుస్తున్నాడు. మేజర్ మేడం చూస్తున్నారు.

'మా మామ మేడం' అని అప్పుడే అంటే కథ అయిపోయినట్టే. ఆడపిల్లల్ని డ్యూటీకి పంపితే ఇంటిల్లిపాదీ క్యారియర్లతో వస్తారని రాసుకుని పోతారు. పార్వతి ఊరెళ్ళిపోతుంది. మామని ఎరగనట్టు మాట్లాడితే ఆయన ఏమవుతాడో, నాకు ఏమవుతుందో ఆలోచించే వ్యవధి లేదు.

"బల్వీర్ భాయీ, ముందు చెయ్యి వదులు" అన్నాను. "ఆయన సైనికుడు కాడు. మనం పట్టుకోకూడదు."

బల్వీర్ సుబేదార్ సాబ్ వైపు చూశాడు. నేను గొంతు పెంచి మళ్ళీ చెప్పాను. వదిలాడు. మామ చొక్కా సర్దుకుని, గెలిచిన ముఖంతో, క్యారియర్ కోసం చెయ్యి చాపాడు.

నేను ఆయన ముందు నిలబడ్డాను. "సార్, మీ దగ్గర ప్లాట్‌ఫారం టికెట్టు ఉందా?"

మామ నన్ను చూశాడు. తర్వాత నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఏమంటివి?"

"ప్లాట్‌ఫారం టికెట్టు, సార్."

"నేను నీకి సార్ అయినానా?" అన్నాడు. గొంతులో అరుపు పోయింది. బల్వీర్ చెయ్యి మడిచినప్పుడు కూడా ఆయన ముఖం అంత వాడిపోలేదు.

"టికెట్టు ఉంటే చూపించండి. లేకపోతే టికెట్టు ఎగ్జామినర్ రూముకి పోదాం రండి."

"టికెట్టా? ఈ ప్లాట్‌ఫారానికి సిమెంటు పోసేటప్పుడు ఈడ నిలబడి చూసినవాడిని! నన్నా టికెట్టు అడిగేది?" అన్నాడు కానీ, కాళ్ళు మాత్రం నా పక్కనే నడిచాయి. రైల్వే మనిషి కదా, రూలు అంటే నోరు ఒప్పుకోకపోయినా కాళ్ళకి తెలుసు. ఎగ్జామినర్ కుర్రవాడు మామని చూడగానే కుర్చీలోంచి లేచి, "రండి పెరియప్పా, కూర్చోండి" అన్నాడు, సొంత పెదనాన్నని పిలిచినట్టు. నేను, "టికెట్టు లేదు. మీ రూలు ప్రకారం చెయ్యండి" అని చెప్పి, క్యారియర్ బల్ల మీద పెట్టి వచ్చేశాను. వెనక నుంచి మామ తమిళంలో, "రాయి తంబీ, రాయి. మిలిటరీ ఆర్డరు" అంటున్నాడు.

తిరిగి వచ్చేసరికి మేజర్ మేడం అక్కడే ఉన్నారు.

"ఆయన నిన్ను పేరు పెట్టి పిలిచాడు. ఎవరు?"

ఇక దాచడానికి లేదు. "మా మేనమామ, మేడం."

సుబేదార్ సాబ్ మీసాలు రెండూ కిందికి వాలాయి.

"రోజూ ఎందుకొస్తాడు?"

"నన్ను కాపాడటానికి, మేడం."

ఆవిడ బల్వీర్ వైపు తిరిగారు. "మరి నువ్వెందుకు?"

"వీళ్ళని కాపాడటానికి, మేడం!" బూటు చప్పుడు చేసి మరీ చెప్పాడు.

"మరి నిన్నెవరు చూసుకుంటారు?"

సుబేదార్ సాబ్ అబద్ధం ఆడలేని మనిషి. మెల్లగా చెయ్యెత్తి మా ఆఫీసు కిటికీ చూపించాడు. "నేను, మేడం. అక్కడి నుంచి."

నా పక్కనే నిలబడ్డ పార్వతి ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గుగా మార్చబోయింది కానీ కుదరలేదు. మేజర్ మేడం పెదవులు బిగించుకుని ఏదో అనబోయి, ఎందుకో వెనక్కి తిరిగారు. అక్కడ గొడుగు పట్టుకున్న జవాను ఉన్నాడు. ప్లాట్‌ఫారం పైకప్పు కింద, ఎండ చుక్క లేనిచోట, ఆవిడ తల మీద గొడుగు.

"ఇదెందుకు?" అన్నారావిడ.

"ఎండ, మేడం" అన్నాడు జవాను.

ఆవిడ పైకప్పుని చూశారు. గొడుగుని చూశారు. నన్ను చూశారు. ఆ తర్వాత నవ్విన నవ్వుకి టీ కొట్టువాడు కూడా బయటికొచ్చాడు. నవ్వు ఆగాక గొడుగు తీసుకుని, తనే మడిచి, చంకలో పెట్టుకున్నారు.

"సుబేదార్ సాబ్, ఈ అమ్మాయి మీ జవాను తప్పు దిద్దింది, సొంత మేనమామని టికెట్టు అడిగింది. వీళ్ళకి ఇంకేం నేర్పాలి?"

"భయం నాకే మేడం, వాళ్ళకి కాదు" అన్నాడాయన. అంత పెద్ద మనిషి, మా అందరి ముందు, అంత తిన్నగా ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ ఆయనంటే నాకు గౌరవం.

"రేపటి నుంచి ఒక్కో ప్లాట్‌ఫారానికి ఒక్కరు. వెనక ఎవరూ వద్దు" అన్నారు మేడం. "ఆ కిటికీకి ఒక పరదా కూడా కుట్టించండి."

అలక

సాయంత్రం యూనిఫాం మార్చుకుని, పూలు, పండ్లు, వక్కాకు పట్టుకుని మామ ఇంటికి పోయాను. మామ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"వచ్చినది ఎవరని అడుగు" అన్నాడు మా అత్తతో.

"రంగి వచ్చిందిలే" అంది అత్త.

"ఏ రంగి? నాకి తెలిసిన మిలిటరీ మేడం ఒకరు ఉండారు. వాళ్ళకి కాఫీ కావల్నా అని అడుగు. నేను టికెట్టు లేని మనిషిని. నేను అడగకూడదు."

"కాఫీ కావలంట అని చెప్పు అత్తా" అన్నాను.

ఇలా కాసేపు మా ఇద్దరి మాటలూ అత్త మోసింది. నా తల మీదుగా పోయే సెలవు కాగితాల్లాగే. చివరికి ఆమెకి విసుగొచ్చి, "మీ ఇద్దరి మధ్యలో నేనేమి తంతి కంబమా? నేరుగా మాట్లాడుకోండి, నాకి పొయ్యి మీద పని ఉండాది" అని లోపలికి పోయింది.

మామ ఇటు తిరగలేదు. గోడతో మాట్లాడాడు. "ముందు వాని చెయ్యి విడిపించినావు. ఆమేలు టికెట్టు అడిగినావు. షెడ్డులో కూడా అంతే. మొదట బ్రేకు వెయ్యల్ల, ఆమేలు తప్పు ఎవరిదని వెతకల్ల. అది సరిగ్గానే చేసినావు."

"మరి అలకేంటికి మామా?"

"సార్ అంటివి కదే!" ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మామా, టికెట్టు ఏడ? అని అడిగింటే కొనుక్కోని వచ్చి ఉంటానే. ఇంక టికెట్టు తీసుకోని కూడా ఆడికి రాను. నీ పెండ్లికీ రాను."

"పెండ్లికొడుకే ఇంకా దొరకలేదు, అప్పుడే అలకలు మొదలా?" అని లోపలి నుంచి అత్త.

మామకి నవ్వొచ్చింది. దాన్ని దిండులో దాచుకున్నాడు. వక్కాకు మాత్రం తీసుకున్నాడు. తీసుకున్నాడంటే అలక తీరినట్టేనని మాకు తెలుసు.

ఒకటి చెప్పి ముగిస్తాను. ఢిల్లీలో ఎన్ని ఆర్డర్లు రాసినా, ఆ సుబేదార్ సాబ్ ఒక రాత్రి నిద్ర మానుకుని తన భయాన్ని తను పట్టుకుంటేనే అవి ప్లాట్‌ఫారం దాకా వస్తాయి. మా మామ కూడా అంతే. ఈ పెద్దవాళ్ళంతా మారాలి, మనమేమో అప్పటికే మారిపోయి ఉన్నామని ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున ఒకటో ప్లాట్‌ఫారం నాది, అవతలిది పార్వతిది. నా వెనక ఎవరూ లేరు. వీపు చల్లగా ఉన్నట్టనిపించింది. అవతల ఒక రైలు వచ్చి ఆగింది. కిటికీల సందులోంచి చూస్తే సెలవు నుంచి వచ్చే సైనికులు గుంపుగా దిగుతున్నారు, గొంతులు పెద్దవిగా ఉన్నాయి. మధ్యలో పార్వతి ఎర్ర టోపీ ఒకసారి కనిపించింది, తర్వాత కనిపించలేదు. రైలు అడ్డం. ఏం జరుగుతోందో తెలియదు. ఒక్కసారి చూసొద్దాం, దూరం నుంచే, పార్వతికి తెలియకుండా అనుకున్నాను. అనుకునేలోపే ఓవర్‌బ్రిడ్జి మెట్లు సగం ఎక్కేశాను.

అక్కడ ఆగాను. అవతల గొంతులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. కమ్మీ పట్టుకుని కొంచెంసేపు నిలబడి, ఎక్కిన మెట్లు అన్నీ దిగి, నా ప్లాట్‌ఫారం మీద పెట్టె దించుకుంటున్న ఒక హవల్దార్ దగ్గరికి పోయి సెలవు కాగితం అడిగాను.